ఒకే దీవి - రెండు వానకాలములు

మే మాసాంతమున శ్రీలంకకు పోయిన ఇద్దఱు బాటసారులను ఊహింపుడు. ఒకడు పడమటి తీరమునందలి కొలంబో నగరమున దిగెను. రెండవవాడు తూర్పు తీరమునందలి ట్రింకోమలీ పట్టణమున దిగెను. పది దినములు గడచిన పిమ్మట ఇద్దఱును తమ ఇండ్లకు జాబులు వ్రాసిరి. "ఇచట రోజును వానయే. సముద్రము గర్జించుచున్నది. గొడుగు లేక గడప దాటుటకు వీలులేదు" అని మొదటివాడు వ్రాసెను. "ఇచట ఆకాశమున మబ్బుతునుక లేదు. సముద్రము చెఱువువలె నిలకడగా ఉన్నది. నేల బీటలు వాఱినది" అని రెండవవాడు వ్రాసెను. ఈ రెండు జాబులను ప్రక్కప్రక్కన పెట్టి చదివినవారు, వీరిలో ఎవడో ఒకడు అబద్ధమాడుచున్నాడని తలంతురు. కాని ఇద్దఱును కన్నులార చూచినదే వ్రాసిరి. డిసెంబరు, జనవరి నెలలలో వారే మరల అచటికి పోయి వ్రాసినచో ఆ జాబులు చాల మట్టుకు తారుమారగును. ఒక్క దీవిలో ఈ వింత ఎట్లు కలిగినది?

శ్రీలంక మామిడికాయ వంటి ఆకారము గల దీవి. ఉత్తర దక్షిణములుగా దాని పొడవు సుమారు 430 కిలోమీటర్లు. వెడల్పు మిక్కిలి ఎక్కువగా ఉన్నచోట సుమారు 225 కిలోమీటర్లు. తీరముల వెంబడి నేల చదునుగా ఉండును. దక్షిణ భాగమున, దీవి నడుమ మాత్రము కొండలు గుంపుగా లేచి నిలిచియున్నవి. వానిలో పిదురుతలాగల అను శిఖరము 2,524 మీటర్ల ఎత్తు కలది. ఈ కొండలే ఆ దేశమునకు వానలను పంచిపెట్టు పెద్దలు. వారి పంపకము ఎట్టిదో చూతము.

మే నెల మొదలు సెప్టెంబరు వఱకు లంకపై నైఋతి ఋతుపవనము వీచును. అది వేల కిలోమీటర్లు హిందూమహాసముద్రముపై ప్రయాణము చేసి, నీటియావిరిని నింపుకొని వచ్చును. పడమటి తీరము దాటిన కొలది దూరములోనే దానికి కొండలు అడ్డుపడును. వెనుకనుండి వచ్చు గాలి త్రోయుచుండగా అది కొండవాలుల వెంట పైకి ఎక్కవలసినదే. పైకి పోయినకొలది గాలి వ్యాకోచించి చల్లబడును. చల్లని గాలి ఎక్కువ ఆవిరిని మోయజాలదు. అందుచే ఆవిరి మేఘమై, మేఘము వానయై పడమటి వాలులపై కురియును. వటవల వంటి కొండయూళ్లలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు మించి వర్షము పడును.

కొండకొన దాటిన పిమ్మట ఆ గాలి స్థితి వేఱు. నువర ఎలియ అను పట్టణము సుమారు 1,880 మీటర్ల ఎత్తున ఉన్నది. నైఋతి పవనము వీచు దినములలో అచట మంచును ముసురును కమ్ముకొనియుండగా బయలుదేఱి, ఆగ్నేయముగా సుమారు పది కిలోమీటర్లు పోయి హక్గల దగ్గఱ కనుమ దాటినవారికి, ఎదుట ఊవా ప్రాంతపు కొండలు ఎండలో మెఱయుచు కానవచ్చును. వెనుక వాన, ముందు ఎండ! గొడుగు ముడుచుటకు అరగంట ప్రయాణము చాలును.

ఆ గాలి తూర్పువాలున దిగునపుడు ఇంకొక మార్పు జరుగును. సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు వేడెక్కుట మీరు ఎఱుగుదురు. అణచబడిన గాలి వేడెక్కును. కొండ దిగు గాలియు అట్లే క్రిందికి వచ్చినకొలది ఒత్తిడికి లోనై వేడెక్కును. మేఘము కట్టుచు ఎక్కు తడిగాలి వెయ్యి మీటర్లకు 5, 6 డిగ్రీలు మాత్రమే చల్లబడును. ఏలనగా ఆవిరి నీరగునపుడు తనలోని వేడిని విడుచును. వాన కురిసి పొడియైన గాలి దిగునపుడో వెయ్యి మీటర్లకు సుమారు 10 డిగ్రీలు వేడెక్కును. కావున అది ఎక్కినప్పటికంటె దిగినప్పుడు ఎక్కువ వేడిగా ఉండును. తూర్పు తీరమునందలి బట్టికలోవా ప్రజలు ఈ వడగాలిని 'కచ్చాన్' అందురు. జూన్, జూలై నెలలలో అది సముద్రపు చల్లగాలిని సైతము వెనుకకు త్రోయును. పడమట పైరులకు ప్రాణమిచ్చిన గాలియే తూర్పున గడ్డిని మాడ్చును. ఇట్లు కొండచాటున వాన అందని చోటును వర్షచ్ఛాయా ప్రదేశమందురు.

డిసెంబరు నాటికి గాలి దిక్కు మాఱును. ఈశాన్య ఋతుపవనము బంగాళాఖాతముపై ప్రయాణము చేసి, తడిని మోసికొని తూర్పు తీరమును చేరును. ఇప్పుడు తూర్పుతీరమునకు వానలు. కొండ వెనుక నున్నది పడమటి తీరము. సగటు లెక్కలు చూచినచో మే నెలలో కొలంబోలో సుమారు 390 మిల్లీమీటర్ల వర్షము కురియగా, ట్రింకోమలీలో సుమారు 50 మిల్లీమీటర్లు మాత్రమే కురియును. జనవరిలో ట్రింకోమలీలో సుమారు 130, కొలంబోలో సుమారు 60. అయితే ఈ పంపకము సరిసమానమైనది కాదు. ఋతుపవనములు మాఱు సంధికాలమున, అనగా ఏప్రిల్‌లోను, అక్టోబరు నవంబరు నెలలలోను, కొలంబోకు ఉఱుములతో మఱి కొన్ని వానలు దొరకును. ఏడాది మొత్తముమీద కొలంబోకు సుమారు 2,500 మిల్లీమీటర్లు, ట్రింకోమలీకి సుమారు 1,600 మిల్లీమీటర్లు లభించును. తూర్పుతీరమున ఆ వానలో హెచ్చు పాలు అక్టోబరునుండి జనవరి వఱకు గల నాలుగు నెలలలోనే కురిసిపోవును. తక్కిన కాలము ఎట్లు గడచును? అచటి ప్రజలకు అదియే ప్రశ్న.

ఈ ప్రశ్నకు పూర్వులు చెఱువులతో సమాధానము చెప్పిరి. 5వ శతాబ్దిలో ధాతుసేన మహారాజు కలా వేవ అను మహా తటాకమును కట్టించెను. దాని నీటిని అనురాధపురమునకు చేర్చుటకు సుమారు 87 కిలోమీటర్ల కాలువను త్రవ్విరి. 12వ శతాబ్దిలో పరాక్రమబాహు మహారాజు పొలొన్నరువ చెంత నిర్మించిన చెఱువునకు 'పరాక్రమ సముద్రము' అని పేరు. సముద్రమను పేరు దానికి తగియే ఉన్నది. నాలుగు నెలల వాన పండ్రెండు నెలల అన్నమగుటకు ఈ కట్టలే ఆధారము. కట్ట తెగిన ఏట ఊరికి ఊరే పస్తుండవలసినదే.

కొండ తూర్పునకు చేసిన అన్యాయమును ఒక నది కొంత సరిదిద్దుచున్నది. అది మహావేలి గంగ. నైఋతి వానలు విస్తారముగా కురియు నడిమి కొండలలో అది పుట్టి, 335 కిలోమీటర్లు ప్రవహించి, ట్రింకోమలీ దగ్గఱ సముద్రమున కలియును. కొండ గాలినుండి పిండుకొన్న నీటిని నది వెనుకదారిన తూర్పునకు చేర్చుచున్నదన్నమాట. 1976లో పొల్గొల్ల దగ్గఱ ఆనకట్ట కట్టి, ఆ నీటిలో కొంత భాగమును సొరంగము ద్వారా ఉత్తరమునందలి మెట్ట ప్రాంతములకు మళ్లించిరి.

నేలమీది రైతు చెఱువు కట్టుకొనగలడు. జాలరి ఏమి చేయును? నైఋతి పవనము వీచునపుడు పడమటి సముద్రము పోటెత్తి చిన్న పడవలను దిగనీయదు. అందుచే నెగంబో, చిలా ప్రాంతముల జాలరులు తరతరములుగా ఏప్రిల్, మే నెలలలో వలలతోను తట్టలతోను బయలుదేఱి, నిలకడగా ఉన్న తూర్పు తీరమునకు పోయి, ఇసుకపై పాకలు వేసికొని వేట సాగించుచు వచ్చిరి. ఈశాన్యపు గాలి మొదలు కాకమునుపే వారు స్వస్థలములకు మరలుదురు. ఒక తీరపు ఎండకాలము మఱియొక తీరపు కుటుంబములకు కూడు పెట్టుచుండెను.

కాని ఈ రాకపోకలకు గాలి అనుకూలించినంత మాత్రమున చాలదు, మనుష్యులును అనుకూలింపవలెను. 1983 నుండి 2009 వఱకు ఆ దీవిలో సాగిన అంతర్యుద్ధములో తూర్పు, ఉత్తర తీరముల జాలరులు పెక్కుమంది ఇల్లు విడిచి చెల్లాచెదరైరి. సముద్రముపై ఆంక్షలు విధింపబడెను. వెనుకటి వలసయు దెబ్బతినెను. యుద్ధము ముగిసి, ఊళ్లకు మరలివచ్చినవారు తమ ఒడ్డున అన్యతీరపు పడవలను చూచి, "మా బ్రదుకే ఇంకను నిలద్రొక్కుకొనలేదే! మీకు చోటెక్కడిది?" అని అడిగిరి. వారి బాధ నిజమైనది. "మా తాతలనాటినుండి వచ్చుచున్నాము, వానకాలమున మేమెట్లు బ్రదుకుదుము?" అని వచ్చినవారి ప్రశ్న. అదియు నిజమైనదే. గాలి తన వంతులను తాను మఱచిపోదు. వంతులు పంచుకొనుటకు మనుష్యులే ఒడంబడిక నేర్చుకొనవలెను.

ఈ సంగతి మనకు దూరమైనది కాదు. ఆ రెండు పవనములే మనకును వానలను తెచ్చుచున్నవి. నైఋతి పవనము సహ్యాద్రి పడమటి వాలులపై కుండపోతగా కురిసి, కొండలు దాటి వచ్చునప్పటికి అనంతపురము సీమకు చాలీచాలని చినుకులే మిగులును. నెల్లూరు తీరమునకు అక్టోబరునుండి డిసెంబరు వఱకు కురియు వానలే ముఖ్యాధారము. మన సీమలో చెఱువులు ఏల అన్ని కట్టిరో లంక చెఱువులను తలచినపుడు మనకు బోధపడును.

మొదట చెప్పుకొన్న జాబులను మరల తలచుకొందము. తన ఒడ్డుననున్న వాతావరణమే దేశమంతటను ఉన్నదని తలచువాడు అబద్ధమాడకయే పొరపడును. తాను తడియుచున్నపుడు కొండకవతల ఎండుచున్నవాడొకడు కలడని ఎఱిగినవాడే పొరుగువాని కష్టము తెలిసినవాడు. రెండు జాబులను కలిపి చదివిననే లంక సంగతి పూర్తిగా తెలియును.

ప్రశ్నలు

1. ఇద్దఱు బాటసారుల జాబులలో భేదమునకు కారణమేమి?
2. 'కచ్చాన్' అను గాలి వేడిగా ఉండుటకు కారణమును సైకిలు పంపు ఉదాహరణముతో వివరింపుము.
3. మహావేలి గంగ తూర్పు తీరమునకు చేయు మేలు ఎట్టిది?
4. తూర్పు తీరపు జాలరులకును, వలస వచ్చిన జాలరులకును మధ్య పుట్టిన తగవులో ఎవరి మాట న్యాయమైనదని నీవు తలంతువు? ఎందుచేత?