అల్లుడికి, నీ బ్యాండు విషయమై

డోర్నకల్.

సందీప్,

నువ్వు పంపిన పాట విన్నాను. మీ అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా దిగులు పడుతోంది గానీ, నువ్వు రాక్ పాడుతున్నావనో, జుట్టు పెంచావనో నాకైతే బెంగ లేదు. ఆర్నెల్లలో ఒక హిట్టు పడకపోతే బ్యాండు మానేస్తామన్నావు చూడు, నన్ను పట్టుకున్న మాట అది. ఆ హిట్టు కోసం జనానికి తెలిసిన సినిమా పాటనే గిటార్ల మీద దంచి వదులుదామని కూడా అనుకుంటున్నారట. రెండూ తొందర మాటలే. నీకిష్టమైన బ్లాక్ సబ్బాత్ సంగతే చెబుతాను. వాళ్ల రిఫులన్నీ నీకు కంఠతా వచ్చు. వాళ్ల మొదటి రెండేళ్లు ఎలా గడిచాయో కూడా తెలుసుకో.

1968లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో, ఆస్టన్ అనే ఫ్యాక్టరీల పేటలో కలిశారు ఆ నలుగురు. పాడే ఆజీ ఆజ్‌బర్న్ అంతకుముందు కబేళాలో పనిచేసినవాడు. గిటారిస్టు టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీ కార్మికుడు. పదిహేడేళ్ల వయసులో, అక్కడ పని మానేస్తున్న చివరి రోజునే, కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలు మిషన్లో తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచేతి వేళ్లతోనే. ఇక గిటార్ లేదనుకుని కూర్చుంటే ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాయించినది. ఆయన అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు చచ్చుబడ్డాక కూడా గిటార్ వాయించి పేరు తెచ్చుకున్న మనిషి. అది విన్న అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటిమీద తోలు ముక్కలు అతికించాడు, సన్నటి తీగలు వెతికి బిగించాడు. తర్వాత 1971 నాటి మూడో ఆల్బమ్‌లో శ్రుతి బాగా దించాడు, నొక్కడం తేలికవుతుందని. మీరు ఇవాళ మోజుపడి దించుకుంటున్న ఆ బరువైన శ్రుతికి ఒక కార్మికుడి వేళ్ల నొప్పి కూడా కారణమేనని గుర్తుంచుకో.

1969లో జర్మనీలోని హాంబర్గ్ స్టార్ క్లబ్బులో రోజుకు ఎన్నోసార్లు స్టేజీ ఎక్కేవారు. సొంత పాటలు అక్కడే అరగదీశారు. అందుకే అదే ఏడాది అక్టోబరు 16న లండన్ స్టూడియోలో మొదటి ఆల్బమ్‌ను ఒక్క రోజులో రికార్డు చేయగలిగారు.

అయితే మొదటి సింగిల్‌గా విడుదలైంది వాళ్ల సొంత పాట కాదు. క్రో అనే అమెరికన్ బ్యాండు పాట 'ఈవిల్ వుమన్'ను తిరిగి వాయించి 1970 జనవరిలో వదిలారు. చార్టులోకే ఎక్కలేదు. ఆ తర్వాతి నెలలో వచ్చిన ఆల్బమ్ మాత్రం, విమర్శకులు చీల్చి చెండాడినా, బ్రిటన్‌లో 8వ స్థానానికి వెళ్లింది. అదే ఏడాది రెండో ఆల్బమ్‌కు పాటల నిడివి చాలక, అప్పటికప్పుడు ఇంకో చిన్న పాట కావలసి వచ్చింది. అయోమీ రిఫ్ కట్టాడు, బేస్ వాయించే గీజర్ బట్లర్ మాటలు రాశాడు, డ్రమ్స్ దగ్గర బిల్ వార్డ్ ఉండనే ఉన్నాడు. మూడు నిమిషాలైనా లేని ఆ పాటే 'పారనాయిడ్'. బ్రిటన్ చార్టులో 4వ స్థానం! నిమిషాల మీద కుదిరిందని అందరూ చెప్పుకుంటారు. వాళ్ల చేతులు ఆ వేగానికి రావడానికి ముందు క్లబ్బుల్లో గడిచిన రాత్రుల గురించి ఎవరూ చెప్పరు, నువ్వు దాన్ని పట్టుకో. ఇంకో సంగతి, హిట్టు పడ్డాక సింగిల్ కోసమే వచ్చి కేకలు పెట్టే కొత్త గుంపు వాళ్లకు నచ్చలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు సింగిల్స్ జోలికే పోలేదు. నాకు ఆ నిర్ణయం మీద చాలా గౌరవం.

మన దగ్గర చూసినా అంతే, సొంత పాటే నిలబడుతుంది. చౌరస్తా బ్యాండు 'ఊరెళ్లిపోతా మామా' అన్నప్పుడు జనం చెవి ఎందుకు అటు తిరిగింది? అందులో మనవాళ్ల బాధ, మనవాళ్ల యాస ఉన్నాయి. అందులో పాడిన రామ్ మిరియాలే తర్వాత 'జాతిరత్నాలు'లో చిట్టి పాట పాడాడు. సినిమావాళ్లు అతని గొంతు వెతుక్కుంటూ వచ్చారు.

పాటలే కాదు, మన డోర్నకల్ గుడినే చూడు. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథీడ్రల్‌ను అజరయ్య బిషప్పు ఇంగ్లాండు చర్చికి నకలుగా కట్టించలేదు. మసీదు గుమ్మటాలు, దేవాలయపు స్తంభాలు కలిపి ఈ నేలకు తగ్గట్టు కట్టించారు. మీ సంగీతానికీ ఆ ధైర్యం కావాలి. కొత్తగూడెం నుంచి సింగరేణి బొగ్గు వేసుకుని మన జంక్షన్‌లో ఆగి మళ్లీ కదిలే గూడ్సు ఉంటుందే, కప్లింగులు ఒక్కొక్కటే బిగుసుకుంటూ ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా వరసగా పాకే ఆ చప్పుడు! ఏ డ్రమ్మర్ అయినా వింటే వదలడు. సెలవులకు వచ్చినప్పుడు మీ డ్రమ్మర్‌ను వెంటబెట్టుకురా, యార్డు దగ్గర నిలబెట్టి వినిపిస్తాను.

ఆర్నెల్ల గడువు తీసేయండి. నెలకు రెండు చోట్లయినా జనం ముందు వాయించండి, కాలేజీ ఫెస్టయినా, క్రిస్మస్ ప్రోగ్రామైనా సరే. ప్రాక్టీసులో చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి, పోయిన వినికిడి తిరిగి రాదు. నీ పాటలో రెండో చరణం మాటలు బాగా లేవు, హడావుడిగా రాశావు. మొదటి చరణంలో మీ నాన్న నైట్ డ్యూటీ గురించి రాసిన రెండు లైన్లకు మాత్రం నా కళ్లు చెమర్చాయి. ఆ దారిన రాయి.

సబ్బాత్ వాళ్లు మేనేజర్లతో డబ్బు లెక్కల దగ్గర చాలా బాధపడ్డారు. కాబట్టి మ్యూజిక్ కంపెనీ ఏదైనా అగ్రిమెంటు కాగితం ఇస్తే సంతకం పెట్టకముందే నాకు పంపు. మనకు తెలిసిన వకీలు మహబూబాబాద్‌లో ఉన్నాడు, ఇద్దరం కూర్చుని ప్రతి లైనూ చదువుతాం.

మీ మామయ్య