వానాకాలంలో మన్యం బాట – ఒక పరిశీలన

మన వసతిగృహంలో మైదాన గ్రామాల వారూ, మన్యం వారూ కలసి చదువుకుంటున్నాము. సెలవులు ఇచ్చిన రోజున మైదానం వాళ్ళం పొద్దు గూకకముందే ఇళ్ళకు చేరతాము. చింతపల్లి అవతల కొండ గూడేల మిత్రులు మాత్రం ముందు వాన సంగతి, తర్వాత వాగు సంగతి కనుక్కొని గాని బయలుదేరరు. ఈ తేడా ఎందుకు వచ్చింది? ఆగస్టు నెలలో వార్డెను గారు, సాంఘికశాస్త్రం మాస్టారు వెంట ఉండగా ఒక మిత్రుని గూడేనికి వెళ్ళి వచ్చాము. అక్కడ చూచినవీ, వచ్చాక పుస్తకాలలో చదివినవీ కలిపి తోటి విద్యార్థుల కోసం పాఠంగా రాస్తున్నాము.

దారికి ఇన్ని మెలికలు ఎందుకు?

నర్సీపట్నం దాటాక కొద్ది దూరానికే కొండలు మొదలవుతాయి. అక్కడి నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు ఉంది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మనం ఈ దారినే ప్రవేశిస్తాము. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది.

కొండ రోడ్డు 20 మీటర్లు ముందుకు సాగితే ఒక మీటరు ఎత్తు ఎక్కేలా వాలు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. ఈ లెక్కన 900 మీటర్లు ఎక్కడానికి 18 కిలోమీటర్ల రోడ్డు కావాలి. కొండ వాలు మీద నేరుగా అంత దూరం దొరకదు. అందుకే రోడ్డును అటూ ఇటూ మలుపులు తిప్పి పొడవు పెంచుతారు. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడటానికీ లెక్క ఉంది. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత తగ్గుతుంది.

కొండ మీద వాన

వానాకాలంలో తేమను మోసుకొచ్చే గాలులు తూర్పు కనుమలకు తగిలి పైకి లేస్తాయి. పైకి లేచిన గాలి చల్లబడి, అందులోని ఆవిరి నీటి బిందువులై వర్షిస్తుంది. దీనినే పర్వతీయ వర్షపాతం అంటారు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఈ వాన రోజుల తరబడి విడవదు. మేము వెళ్ళినప్పుడు కింద ఎండ కాస్తూ ఉంది. సగం ఘాట్ ఎక్కేసరికి మంచు పొగలాంటి మబ్బు కమ్మి, జీపుకు లైట్లు వేయవలసి వచ్చింది.

చరియలు ఎందుకు విరుగుతాయి?

ఈ కొండలలో ఖోండలైట్ అనే రాయి ఎక్కువ. ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదనే ఆ రాతికి ఆ పేరు వచ్చింది. ఎండకూ వానకూ ఇది పాడై ఎర్రమట్టిగా మారుతుంది. వాన నీరు ఇంకినకొద్దీ ఆ మట్టి బరువు పెరిగి, రేణువుల మధ్య పట్టు తగ్గుతుంది. రోడ్డు కోసం కొండను నిట్టనిలువుగా కోసిన చోట కింద ఆసరా ఉండదు కనుక మట్టి, రాళ్ళు, చెట్లు ఒక్కసారిగా జారుతాయి. నివారణకు మూడు పనులు చేయాలి. రోడ్డు పక్కన కాలువ పూడకుండా చూడాలి. అడ్డుగోడలో నీరు బయటికి పోయే రంధ్రాలు ఉంచాలి. వాలు మీద చెట్లను నరకకుండా కాపాడాలి.

వాగు

తారురోడ్డు దిగాక మట్టిబాట, అది కూడా అయిపోయాక కాలిబాట. చివరి మూడు కిలోమీటర్లు నడిచాము. మధ్యలో ఒక వాగు. ఆ రోజు నీరు పిక్కల వరకే ఉంది. గూడెం పెద్దలు ముందు నడిచి, కర్రతో లోతు చూచి, చేయి చేయి పట్టించి దాటించారు. కొండ మీద వాన పడిన కొద్దిసేపటికే ఇటువంటి వాగు పొంగుతుంది. ఘనపు మీటరు నీటి బరువు 1000 కిలోలు. అది వేగంగా వచ్చినప్పుడు మోకాలి లోతు కూడా లేకుండానే మనిషిని పడవేస్తుంది. రెండు అడుగుల ప్రవాహం జీపును సైతం తోసుకుపోగలదు.

నూరేళ్ళ కిందటి రోడ్డు

ఈ దారికి మన స్వాతంత్ర్య పోరాటంతో సంబంధం ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు సాగుకు ఆటంకాలు వచ్చాయి. ఆ తర్వాత గూడెం డిప్యూటీ తహసీల్దారుగా వచ్చిన బాస్టియన్ అనే అధికారి నర్సీపట్నం, లంబసింగి మధ్య రోడ్డు పనికి గిరిజనులను బలవంతంగా తోలి, సరైన కూలి ఇవ్వలేదు. ఆ కడుపుమంట కూడా మన్యం తిరుగుబాటుకు ఒక కారణమయింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేసింది. 1924 మే 7న ఆయన ప్రాణాలు కోల్పోయారు. ఆనాడు రోడ్డు కోసం రాళ్ళు మోసిన వారి వారసుల గూడేలలో కొన్నిటికి నేటికీ రోడ్డు లేదు.

డోలీ

గూడెంలో అల్లం, పసుపు, రాజ్‌మా, చోళ్ళు పండిస్తారు. కొండ వాలున కాఫీ మొక్కలున్నాయి. పండినది సంతకు చేర్చాలంటే కావడి మీదో, తల మీదో మోయాలి. మా మిత్రుని ఇంటి చూరు కింద ఒక పొడవాటి కర్ర కనిపించింది. కర్రకు దుప్పటి కట్టి, అందులో రోగిని పడుకోబెట్టి ఇద్దరు భుజాన మోస్తారు. అదే డోలీ. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 అంబులెన్సు సేవ మొదలయింది. కాని ఆ బండి రోడ్డు ఉన్నంతవరకే రాగలదు. 2018లో మోటారు సైకిలుకు తొట్టి అమర్చిన ఫీడర్ అంబులెన్సులు వచ్చాయి. వాగు పొంగితే వాటికీ దారి లేదు. మిత్రుని తమ్ముడు పుట్టినది కూడా వాగు ఒడ్డునే, డోలీలోనే. తల్లీ బిడ్డా దక్కారు. అందరికీ అలా జరగదని వాళ్ళ అమ్మగారు చెప్పినప్పుడు మాకు మాట రాలేదు.

తలల లెక్క

2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ప్రారంభమయింది. మైదానంలో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాలలో 250 మంది ఉన్న ఊళ్ళకు రోడ్డు వేయాలన్నది దాని నియమం. ఇంటికి ఐదుగురు చొప్పున 40 ఇళ్ళ గూడెంలో 200 మందే ఉంటారు. చిన్న గూడేలు ఇలా లెక్కలో వెనుకబడ్డాయి. 2023 నవంబరు 15న మొదలైన పి.ఎం. జన్‌మన్ పథకం అత్యంత వెనుకబడిన ఆదిమ తెగల గూడేలకు ఈ సంఖ్యను 100కు తగ్గించింది. ఇది మంచి మార్పు. అంతకన్నా చిన్న గూడెంలోనూ కాన్పులు జరుగుతాయి, పిల్లలు బడికి రావాలి.

వానాకాలంలో కొండకు వెళ్ళేవారికి సూచనలు

1. తెల్లవారి బయలుదేరి, చీకటి పడకముందే ఘాట్ దాటాలి.
2. రాళ్ళు దొర్లుతున్న చోట, మట్టి జారిన చోట బండి ఆపకూడదు, దిగకూడదు.
3. నీరు ఉన్నట్టుండి ఎర్రబడినా, చెత్త కొట్టుకొచ్చినా వాగులో దిగకూడదు.
4. ఆ ఊరివారు వద్దన్న చోటికి వెళ్ళకూడదు.
5. మలేరియా కాలం గనుక దోమతెర, కాచిన నీరు తప్పనిసరి.
6. ఇంట్లో గర్భిణి ఉంటే నెలలు నిండకముందే రోడ్డు పక్క ఊరికో, ఆసుపత్రి దగ్గరకో చేర్చాలి. మిత్రులారా, ఈ మాట ఇంటికి వెళ్ళినప్పుడు మనమే చెప్పాలి.

మన వంతు

వాగు మీద వంతెన కట్టడం ఈరోజు మన చేతిలో లేదు. కాని గూడెం పేరు, ఇళ్ళ సంఖ్య, జనాభా, రోడ్డుకు ఎంత దూరం, మధ్యలో ఎన్ని వాగులు అన్నవి రాసి, పెద్దలచేత సంతకాలు పెట్టించి, గ్రామసభలోను ఐ.టి.డి.ఎ. కార్యాలయంలోను అర్జీ ఇవ్వడం పదో తరగతి చదివిన వారెవరైనా చేయగల పని. మేము ఆ వివరాలన్నీ రాసుకొని వచ్చాము. మిత్రుని తండ్రిగారి పేరుతో అర్జీ తయారు చేసి, మాస్టారికి చూపించి, ఆయనకు పంపాము. మీ గూడేలకూ ఇలా రాయాలంటే సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక మా గదికి రండి. కలసి రాద్దాము.