ప్రత్యామ్నాయ జనరేటరు: నిర్వహణ, సురక్షిత వినియోగము

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినది. ఇట్టి తుఫానుల వేళ చేబ్రోలు, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో పాల శీతలీకరణ యూనిట్లు, కోళ్ల షెడ్లు, రొయ్యల చెరువులు జనరేటరుపైననే ఆధారపడును. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున అత్యల్పముగా ఉండును. ఆ వేళ ఏరేటర్లు ఆగినచో పంట మొత్తము నష్టపోవచ్చును. ఏడాదిలో అధిక భాగము ఖాళీగా ఉండు యంత్రమగుటచే జనరేటరు లోపములు అవసరమైన రాత్రియే బయటపడును.

సామర్థ్యము ఎంపిక

2 హెచ్.పి. ఏరేటర్లు 8 ఉన్న చెరువునకు మొత్తము 16 హెచ్.పి., అనగా సుమారు 12 కిలోవాట్లు. మోటారు సామర్థ్యము 80 శాతము, పవర్ ఫ్యాక్టరు 0.8గా తీసుకొనిన 18.7 కె.వి.ఎ. అవసరము. నేరుగా స్టార్ట్ చేయు మోటారు ఆరంభమున సుమారు ఆరు రెట్ల కరెంటు తీసుకొనును. ఎనిమిదింటిని ఒకేసారి వేసిన క్షణకాలము 112 కె.వి.ఎ. కావలసివచ్చును. ఒక్కొక్క దానిని వేగము అందుకొనిన పిదప తదుపరి దానిని వేసినచో 25 కె.వి.ఎ. జనరేటరుతో నడపవచ్చును.

నిర్వహణ

వారమునకొకసారి ఇంజను ఆయిలు, రేడియేటరు నీరు, బెల్టు బిగువు, డీజిలు లీకులు పరిశీలింపవలెను. ఆయిలు మట్టమును ఇంజను ఆపి కొంతసేపైన పిమ్మట చూడవలెను. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత తీయరాదు.

పూర్తిగా ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతి స్థితిలో సుమారు 12.6 వోల్టులు చూపును. తీరప్రాంతపు తేమకు టెర్మినల్సు తుప్పు పట్టును. శుభ్రపరచి పెట్రోలియం జెల్లీ పూయవలెను. నిల్వ డీజిలులో చేరిన నీటిని వాటర్ సెపరేటరు ద్వారా తొలగింపవలెను.

నెలకొకసారి అరగంట లోడుపై నడపవలెను. లోడు సామర్థ్యములో 30 శాతమునకు తగ్గినచో సగము కాలిన ఇంధనము పొగగొట్టములో పేరుకొనును. ఆయిలు, ఫిల్టర్ల మార్పిడిని తయారీదారు సూచించిన గంటల ప్రకారము జరిపి, తేదీతో పుస్తకమున నమోదు చేయవలెను.

సురక్షిత వినియోగము

1. జనరేటరు కరెంటును ఇంటి సాకెట్టు ద్వారా ఎక్కింపరాదు. అది వీధి ట్రాన్స్‌ఫార్మరును చేరి, వెనుకకు 11,000 వోల్టులుగా లైనులోనికి పోవును. సరఫరా లేదని స్తంభమెక్కి తీగలు సరిచేయు లైన్‌మన్ ప్రాణము పోవును. రెండు సరఫరాలు ఏకకాలమున కలియనీయని ఛేంజోవర్ స్విచ్ తప్పనిసరి.

2. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు, వాసన లేవు. జనరేటరును గదిలోగాని వరండాలోగాని నడపరాదు. తలుపులు, కిటికీలకు కనీసము 20 అడుగుల దూరమున, గాలి ఇంటివైపు వీచని చోట ఉంచవలెను.

3. యంత్రపు బాడీకి రెండు వేర్వేరు ఎర్తింగులు ఉండవలెను. నీరు చేరని ఎత్తైన దిమ్మెపై, పైకప్పు క్రింద అమర్చవలెను. తడి చేతులతో స్విచ్‌లు తాకరాదు.

4. యంత్రమును ఆపి, చల్లారిన పిదపనే డీజిలు పోయవలెను. తిరుగు బెల్టు వద్ద పంచె, పైట జాగ్రత్త వహింపవలెను.

ముగింపు

తుఫాను హెచ్చరిక వెలువడిన పిదప చేయదగినది ఇంధనము నింపుట, ఒకసారి లోడుపై నడిపి చూచుట మాత్రమే. తక్కిన సన్నద్ధత అంతకు ముందటి నెలలలో జరుగవలెను. విస్తరణ కార్యకర్తలు వర్షాకాలారంభముననే రైతుల వద్ద ఛేంజోవర్ స్విచ్, ఎర్తింగు, లోడు పరీక్ష ఈ మూడింటిని తనిఖీ చేయించినచో పంటతోపాటు లైన్‌మన్ ప్రాణమును గూడ కాపాడినవారగుదురు.