నారు ఎందుకు ఒరిగిపోతోంది?

ప్రశ్న: మిద్దె మీద ట్రేలలో టమాటా, వంగ, మిరప నారు పోశాం. మొలకలు బాగానే వచ్చాయి. వారం తిరక్కుండానే సన్నగా సాగి, ఒక్కొక్కటే ఒరిగి చచ్చిపోతున్నాయి. ఎండ తగలకుండా నీడలోనే ఉంచాం, పూటపూటా నీళ్లు చల్లుతున్నాం. ఏ మందు కొట్టాలి?

జవాబు: మందు సంగతి తర్వాత. ఆ నీడ, ఆ పూటపూటా నీళ్లే మీ నారును చంపుతున్నాయి. ఒరిగిన మొలకను పీకి, మట్టిని ఆనుకున్న చోట చూడండి. ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. కాడ మాత్రం అక్కడ నీరుపట్టి, మెత్తబడి, దారప్పోగులా సన్నబడి ఉంటుంది. ఇది నారుకుళ్లు తెగులు. దీన్ని తెచ్చే పిథియం లాంటి సూక్ష్మజీవులు మట్టిలో ఎప్పుడూ ఉండేవే. పిథియం బీజాలు తడిలో ఈదుకుంటూ మొలకను చేరతాయి కనుక, పైమట్టి ఆరనంత కాలం వాటికి అడ్డు ఉండదు. ఇక వెలుతురు చాలని మొలక ఉన్న బలమంతా పొడవు సాగడానికే ఖర్చుపెడుతుంది. కాడ గట్టిపడదు, తెగులుకు తేలిగ్గా లొంగుతుంది. మీరు రాయలేదు గానీ చాలా ఇళ్లలో జరిగేది ఇంకొకటుంది: ఒత్తుగా చల్లడం. గ్రాము టమాటా విత్తనంలో దాదాపు 300 గింజలుంటాయి, ఇంటికి కావలసినవి పది మొక్కలు. పొట్లం విప్పాం కదా అని అన్నీ చల్లితే మొలకల మధ్య గాలి ఆడదు, తెగులు ట్రే అంతా పాకుతుంది.

లేత మొలక ఎండకు మాడదా అంటారు. మే నెల మధ్యాహ్నపు ఎండకైతే ఆ భయం నిజమే, ఆ నాలుగు గంటలూ పచ్చవల కప్పాల్సిందే. అంతమాత్రాన రోజంతా వరండాలో దాచకూడదు. ఉదయపు ఎండ కనీసం నాలుగైదు గంటలు నేరుగా పడాలి. గింజల మీద కప్పిన గడ్డిని మొలక కనబడిన రోజే తీసేయాలి. టమాటాకు ఆ రోజు వారంలో వస్తుంది, మిరపకు పది పన్నెండు రోజులు పట్టవచ్చు. గింజ మొలిచేదాకా పైతడి ఆరకూడదు, మొలిచాక ఆరాలి. అందుకని పైన చల్లడం మానేసి, నీళ్లు పోసిన పళ్లెంలో ట్రేని పావుగంట ఉంచండి. కింది రంధ్రాల గుండా తడి పైకెక్కుతుంది. మిగిలిన నీళ్లు పారబోయండి. పైమట్టి వేలికి పొడిగా తగిలాకే మళ్లీ నీళ్లు.

కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిపితే తెగులు పాకడం తగ్గుతుంది. పడిపోయిన మొలక మాత్రం లేవదు, మట్టి తడిగానే ఉంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. రంగు పూసి అమ్మే విత్తనానికి థైరమ్ లాంటి మందు ముందే పట్టించి ఉంటుంది. అయినా నారు పడిపోతోందంటే లోపం మందులో లేదు. ఇంట్లో దాచుకున్న విత్తనమైతే చిటికెడు ట్రైకోడెర్మా పొడి పట్టించండి. తెగులు సోకిన మట్టి తీసేసి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సమంగా కలిపి, గుంటకొక గింజ చొప్పున అర సెంటీమీటరు లోతున వేయండి. పచ్చి పేడ అసలు వద్దు.

ప్రశ్న: ఇంత శ్రమ దేనికి, నర్సరీలో నారు కొంటే పోలేదా? బెండ, చిక్కుడుకు కూడా నారు పోయాలా?

జవాబు: తీరిక లేనివాళ్లు నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు. కాకపోతే అక్కడ ఎక్కువగా దొరికేవి పొలాలకు అమ్ముడయ్యే రకాలు. మీ అమ్మమ్మగారి ఊరి వంకాయ కావాలంటే ఇంట్లో పోసుకోవాల్సిందే. కొనేటప్పుడు నారు వయసు అడగండి. టమాటా 25-30, వంగ 30-35, మిరప 35-40 రోజులది ఉంటే మంచిది. ట్రేలోనే పూతకొచ్చిన మొక్క ముచ్చటగా కనిపిస్తుంది గానీ అది ముదిరిన నారు, వేర్లు అడుగున చుట్టుకుపోయి ఉంటాయి. ఆకు ముడుచుకున్న టమాటా నారును ఊరికే ఇచ్చినా తేవద్దు. తెల్లదోమ అంటించే వైరస్ మీ మిద్దెకు దాంతోనే వస్తుంది. బెండ, చిక్కుడు నేరుగా కుండీలోనే విత్తండి, తల్లివేరు కదిలితే అవి తేలిగ్గా కోలుకోవు. ముల్లంగి, క్యారెట్ అయితే నాటు వేస్తే దుంప వంకర్లు తిరుగుతుంది.