బోర్డు మీద పేరు

విశాఖపట్నం హనుమంతవాకలో ఒక కంటి ఆసుపత్రి ఉంది. ఒక అత్త, కోడలు అక్కడికి వచ్చారు. అత్త కంట్లో శుక్లం. గేటు దగ్గర ఆగి అడిగింది.

"ఏటి రాసుందే అక్కడ?"

కోడలు కూడబలుక్కుని చదివింది. "ఎల్.వి. ప్రసాద్."

"ఆయనే ఇక్కడ డాక్టరా?"

కాదు. ఆయన సినిమాల ఆయన. ఆయన కథ చదువుదాం.

మూగ బొమ్మలు

ఏలూరు దగ్గర సోమవరప్పాడు ఆయన ఊరు. పూర్తి పేరు అక్కినేని లక్ష్మీ వరప్రసాదరావు. రైతు కుటుంబం. బడి చదువు పెద్దగా అబ్బలేదు. నాటకాలంటే మాత్రం ప్రాణం. ఇంట్లో అప్పులు పెరిగాయి. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా, వంద రూపాయలతో బొంబాయి వెళ్ళిపోయాడు. భార్య ఇంటి దగ్గరే ఉండిపోయింది.

బొంబాయిలో సినిమా కంపెనీల్లో చిన్న చిన్న పనులు చేశాడు. అంత పొడుగు పేరు రాయలేక ఒక గుమాస్తా దాన్ని 'ఎల్.వి. ప్రసాద్' అని కుదించాడట. ఆ పేరే నిలిచింది.

అప్పట్లో సినిమాలకు మాట లేదు. వాటిని మూకీలు అనేవారు. అలాంటి ఒక మూకీలో ఆయన చిన్న వేషం వేశాడు. మూకీలో బొమ్మల మధ్య తెర మీద అక్షరాలు వచ్చేవి. చదువు వచ్చినవాళ్ళు చదువుకునేవారు. రానివాళ్ళకు ఎవరో ఒకరు చదివి చెప్పాలి. అందరూ చూసేది ఒకే బొమ్మ. కాని కథ అందరికీ ఒకేలా అందేది కాదు.

మాట వచ్చింది

1931 మార్చి 14న బొంబాయిలో 'ఆలం ఆరా' విడుదలైంది. అది మన దేశంలో మొదటి మాటల సినిమా. హిందీ సినిమా. అదే ఏడాది తమిళంలో మొదటి టాకీ 'కాళిదాస్' వచ్చింది. 1932లో తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది. అందులో ప్రహ్లాదుడి తల్లి లీలావతిగా సురభి కమలాబాయి నటించింది.

ఈ మూడింటిలోనూ ప్రసాద్ ఉన్నాడు! అన్నీ చిన్న వేషాలే. 'భక్త ప్రహ్లాద'లో ఆయనది బడిలో చదువు రాని మొద్దబ్బాయి వేషం.

చిన్న వేషాలు వేస్తూనే ఆయన సినిమా పని నేర్చుకున్నాడు. తర్వాత దర్శకుడయ్యాడు. 'మనదేశం', 'షావుకారు', 'మిస్సమ్మ' ఆయన తీసినవే. ఎన్.టి. రామారావు మొదట తెర మీద కనిపించింది 'మనదేశం'లోనే. 1982 సంవత్సరానికి ప్రసాద్‌కు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు. 1994లో ఆయన చనిపోయాడు.

హైదరాబాదులో కంటి ఆసుపత్రి కోసం ఆయన కుటుంబం స్థలం, డబ్బు ఇచ్చింది. 1987లో అది మొదలైంది. ఆయన పేరే పెట్టారు. 2006లో విశాఖలోనూ తెరిచారు. డబ్బు కట్టలేనివారికి అక్కడ ఉచితంగా వైద్యం చేస్తారు.

అత్తకు ఆపరేషన్ అయింది. చుక్కల మందు ఇచ్చారు. ఏ కంట్లో వెయ్యాలి? రోజుకు ఎన్నిసార్లు? చీటీ మీద రాసి ఉంది. కోడలు ఎవరినీ అడగలేదు. తనే చదివింది.

మాట్లాడుకోండి

1. మూకీ సినిమాలో చదువు రానివారికి ఏ ఇబ్బంది ఉండేది?
2. మీ ఊళ్ళో మూకీ సినిమా చూసిన పెద్దల మాట ఎవరైనా చెప్పుకుంటారా?
3. ఇదివరకు ఎవరో చదివి పెడితేగాని తెలియనిది, ఇప్పుడు మీరే చదువుతున్నది ఏమిటి? రెండు వాక్యాలు రాయండి.