ఇల్లు చూడటానికి వెళ్తున్నారా? పిల్లల్నీ తీసుకెళ్లండి



ఈ నెల మీ పిల్లల సోషల్ నోట్‌బుక్‌లో వంకర గీతలతో ఒక మ్యాపు కనిపిస్తుంది. మార్కులు వేయలేదేమని అడగకండి, దానికి మార్కులు లేవు. ఇంటి నుంచి స్కూలు దాకా దారిని, ఫోన్ చూడకుండా, గుర్తున్నంత వరకు గీయమన్నాం. భూగోళశాస్త్రంలో దీన్ని మెంటల్ మ్యాప్ అంటారు, అంటే మనసులో ఉన్న పటం.

అమెరికాలో నగర ప్రణాళిక బోధించిన కెవిన్ లించ్ బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలిస్ వాసులతో ఇలాంటి పటాలే గీయించి, 1960లో ఒక పుస్తకం తెచ్చారు. ఊరిని మనిషి ఐదు రకాలుగా గుర్తుపెట్టుకుంటాడని ఆయన చెప్పారు: దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లు. మనం రోజూ చెప్పే అడ్రస్ కూడా అంతే కదా. "రైల్వే గేటు దాటి, వాటర్ ట్యాంకు దగ్గర ఎడమకు తిరగండి" అంటాం.

పిల్లల పటాల్లో ఒక తేడా కనిపించింది. సైకిల్ మీద వచ్చేవాళ్లు టిఫిన్ బండి, ట్రాన్స్‌ఫార్మర్, వాన పడితే నీళ్లు నిలిచే మలుపు కూడా గీశారు. బస్సులో వచ్చేవాళ్లలో చాలామంది ఇల్లు, స్కూలు గేటు గీసి, మధ్యలో ఒక గీత లాగారు. ఇది తెలివికి సంబంధించిన విషయం కాదు. కిటికీ పక్కన కూర్చుని వచ్చే దారి మనసులో అంతగా నిలవదు.

ఇల్లు ఎంచుకునేటప్పుడు పెద్దవాళ్లం కూడా ఇలాంటి పటంతోనే బయల్దేరతాం. ఫలానా స్కూలుకు పది నిమిషాలు, మెయిన్ రోడ్డుకు ఐదు నిమిషాలు, మనవాళ్లు ఉండే ఏరియా. (ఈ లెక్కలో మాలాంటి స్కూళ్ల వాటా తక్కువేం కాదు.) ఎండాకాలంలో ఒక ఆదివారం వెళ్లి ఫేసింగ్ ఏమిటి, పార్కింగ్ ఎంత అని చూస్తాం. నేల ఎటు వాలుగా ఉంది, వాన నీరు ఎటు పోతుంది అని అడిగేవాళ్లు తక్కువ.

వరదలొచ్చే చోట జనం ఎందుకు ఉంటారన్నది భూగోళశాస్త్రంలో పెద్ద ప్రశ్న. గిల్బర్ట్ వైట్ 1940లలోనే దీని మీద పని చేశారు. కట్టలు కట్టాక జనం ధీమాగా ఇంకా దగ్గరికి వచ్చి ఇళ్లు కడతారని, దాంతో పెద్ద వరద వచ్చినప్పుడు నష్టం పెరుగుతుందని ఆయన వాదన. ఆయన శిష్యుడు రాబర్ట్ కేట్స్ 1962లో టెనెసీ రాష్ట్రంలోని లాఫోలెట్ అనే చిన్న ఊరిని పరిశీలించారు. జనం తాము చూసిన వరదనే కొలతగా పెట్టుకుంటారని, దాన్ని మించింది రాగలదని ఊహించడం వాళ్లకు కష్టమని ఆయన గమనించారు.

మనకు ఇది దూరపు కథ కాదు. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ తరం వెళ్లిపోయింది, భయం కూడా వెళ్లిపోయింది, ఇళ్లు నది ఒడ్డుకు చేరాయి. 2020 అక్టోబర్ వానలకు పాతబస్తీలో చెరువుల కింది కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అక్కడ ఇల్లు కొన్నవాళ్లందరినీ తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు. చాలామందికి అందుబాటు ధరలో దొరికింది అక్కడే. కానీ ఎంచుకునే వీలున్నవాళ్లు కూడా అడగకపోవడం వేరే సంగతి.

ఈ దసరా సెలవుల్లో మీరు ప్లాటో, ఫ్లాటో చూడటానికి వెళ్తుంటే పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. ఆ వీధి చివరిదాకా కలిసి నడవండి. ఏరియా పేరులో కుంట, చెరువు, కట్ట లాంటి మాట ఉందేమో వాళ్లనే చూడమనండి. పాత కిరాణా కొట్టాయననో ఇస్త్రీ బండి ఆమెనో "పోయిన వానకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ?" అని అడగమనండి. వీలైతే పెద్ద వాన పడిన మర్నాడు ఇంకోసారి వెళ్లండి. చెరువు నిండితే నీరు చేరే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో ఉంటాయి. తొమ్మిదో తరగతి పిల్లలు వాటిని చదవగలరు, క్లాసులో నేర్పాం.