ఆరోగ్య పాఠము: మరుగుదొడ్డిలో మచ్చ వేరు, క్రిమి వేరు

వానలు మొదలయ్యాక ఆషాఢములో సింహవాహిని మహంకాళి బోనాలకు లాల్‌దర్వాజా అంతా చుట్టములతో నిండిపోతుంది. నలుగురు వాడే మరుగుదొడ్డిని ఆ రోజుల్లో పదిహేనుమంది వాడతారు. కామెర్లు, టైఫాయిడ్, వాంతులు, విరేచనములు ఎక్కువగా కనబడేది కూడ ఈ కాలములోనే. చుట్టములు రాకముందు చాలా ఇండ్లలో చేసే పని ఒకటే: యాసిడ్ సీసా తెచ్చి బేసిన్‌లో కుమ్మరించి, తెల్లగా మెరిసేదాక రుద్దుట. బేసిన్ తెల్లబడితే దొడ్డి శుభ్రమైనట్లే అని మనలో చాలామంది నమ్మకము.

బేసిన్‌లో కనబడే పసుపు, గోధుమ రంగు చారలలో ఎక్కువ భాగము నీటి వలన వచ్చినదే. పాతబస్తీలో నల్లా నీరు వచ్చేది కొద్ది సేపే, మిగతా అవసరములకు చాలా ఇండ్లలో బోరు నీరే దిక్కు. బోరు నీటిలోని సున్నము, ఇనుము, మూత్రములోని లవణములతో కలిసి పొరలు పొరలుగా పేరుకుంటాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లని గార కూడ ఈ జాతిదే. ఆ గార గరుకుగా ఉంటుంది, దాని సందుల్లో మురికి నిలుస్తుంది, కనుక తీయవలసినదే. అయితే గారను కరిగించేది పుల్లని మందు, అనగా యాసిడ్ లేక నిమ్మ ఉప్పు. క్రిమిని చంపుటకు నమ్మదగినది బ్లీచింగ్ పౌడరు. అది గారను ఏమీ చేయలేదు. ఈ రెండు పనులను రెండు వేర్వేరు రోజులలో పెట్టుకోవాలి.

వేర్వేరు రోజులు అని గట్టిగా చెప్పుటకు కారణమున్నది. యాసిడ్ పోసిన బేసిన్‌లో “ఇంకా బాగా పోతుంది” అని బ్లీచింగ్ పౌడరు చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియములోని ఈప్ర్ వద్ద యుద్ధములో సైనికుల మీదికి వదిలిన విషవాయువు ఇదే. ఇది గాలికంటే బరువైనది గనుక నేల మీదనే నిలుస్తుంది. మెట్ల కింద కట్టిన, కిటికీ లేని చిన్న దొడ్డిలో వంగి రుద్దుతున్న తల్లి ముఖము కూడ అక్కడే ఉంటుంది. హార్పిక్ వంటి సీసాలలో ఉన్నది కూడ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే, వాటితో కూడ బ్లీచింగ్ కలపరాదు. మూత్రము నిలిచిన బేసిన్‌లో నేరుగా బ్లీచింగ్ చల్లినా ఘాటైన పొగ వస్తుంది, ముందు ఒక బకెట్ నీళ్లు పోయాలి.

విడిగా అమ్మే యాసిడ్ అసలు ఇంట్లో లేకుండుటయే మంచిదని మా అభిప్రాయము. మన ఇండ్లలో దొడ్డి గచ్చు చాలాచోట్ల షాబాద్ బండలు, తాండూరు బండలు. ఇవి సున్నపురాయి జాతివి. వీటి మీద యాసిడ్ పడగానే బుసబుస నురుగు వస్తుంది. మురికి పొంగి పోతున్నదని సంతోషిస్తాము గాని, నిజమునకు అక్కడ కరుగుతున్నది బండ. బండల మధ్య సిమెంటు కూడ అలాగే కరుగుతుంది. ఏటేటా ఇలా చేస్తే సందులు పడి మురుగు నీరు కిందికి దిగుతుంది. మన ఇరుకు వాకిళ్లలో దొడ్డికి పక్కనే నీటి సంపు ఉన్న ఇండ్లు కలవు. ఆ మురుగు ఎక్కడికి చేరగలదో ఆలోచించండి.

ఇది ఊరికే భయపెట్టుటకు అంటున్నది కాదు. 2005లో మార్చి నుండి ఆగస్టు వరకు హైదరాబాదులో హెపటైటిస్ ఈ అనే కామెర్ల వ్యాధి వ్యాపించింది. 1,600కు పైగా కేసులు లెక్కకు వచ్చాయి. మురికి కాలువలను దాటుకుంటూ వచ్చే నీటి పైపులున్న బస్తీలలో వ్యాధి ఎక్కువగా కనిపించింది. నల్లా ఆగిన గంటలలో పైపు ఖాళీగా ఉంటుంది. అప్పుడు పగుళ్ల గుండా బయటి మురుగును లోనికి పీల్చుకుంటుంది. ఈ జాతి కామెర్లు నెలలు నిండుతున్న గర్భిణులకు ప్రాణాపాయము. ఇంకొక సంగతి: హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఈ అనే రెండు జాతుల కామెర్లలోను కండ్లు పచ్చబడక ముందు నుండే మలములో క్రిమి వస్తుంటుంది. రోగము తెలిసిన తరువాత కడుగుదామంటే ఆలస్యమవుతుంది. వారము వారము కడగవలసినది అందుకే.

మొదటి రోజు గార పని. వంద గ్రాముల నిమ్మ ఉప్పు లీటరు వేడినీటిలో కరిగించండి. బేసిన్ వంపులో నిలిచిన నీటిని బ్రష్‌తో లోపలికి తోసి, రాత్రి అందరూ పడుకున్నాక ఈ నీటిని చారల మీద పోయండి. బండల మీద పడనీయకండి, నిమ్మ ఉప్పు కూడ సున్నపురాయిని తింటుంది. తెల్లవారి రుద్ది, రెండు బకెట్ల నీళ్లు పోయండి. పాత గార ఒక్కసారికి పోదు, వారము విడిచి మళ్లీ చేయాలి. ఇనుప పీచుతో గీకితే పింగాణీ మీద గీతలు పడి, తరువాతి గార ఇంకా త్వరగా పట్టుకుంటుంది.

రెండవ పనికి కనీసము ఒక రోజు ఎడము ఉండాలి. తలుపు బార్లా తెరచి, చెప్పులు, రబ్బరు గ్లౌజులు వేసుకొని, మొదట సర్ఫ్ నీళ్లతో అంతా తోమి కడగాలి. ఈ మెట్టు విడిచితే మురికే బ్లీచింగ్ బలమును తినివేస్తుంది. తరువాత ఆరుబయట, ప్లాస్టిక్ బకెట్‌లో, లీటరు నీటికి ఒక పెద్ద చెంచాడు (సుమారు 15 గ్రాములు) బ్లీచింగ్ పౌడరు కలిపి, సున్నము అడుగుకు దిగాక పైతేట వాడాలి. ఘాటు వాసన లేని పాత పౌడరు పనిచేయదు. ఉబ్బసము ఉన్నవారు ఈ పనికి దూరముగా ఉండాలి.

ఇప్పుడు ఎక్కడ మొదలు పెట్టాలి? అందరి చేయి ముందు బేసిన్ మీదికే పోతుంది. కాని బేసిన్‌ను ఎవరూ ముట్టుకోరు! కడుక్కున్న ఎడమ చేయి ముట్టుకునేది మగ్గు పిడిని, నల్లా తిప్పును, తలుపు గడియను. సబ్బు తగలకముందే ఆ చేయి ఈ మూడింటినీ దాటుతుంది. తరువాత వచ్చినవారి చేయి కూడ వాటినే పట్టుకుంటుంది. కనుక పైనుండి కిందికి రండి: గడియకు రెండు వైపులు, నల్లా, మగ్గు పిడి, మగ్గు అడుగున జిగట, బకెట్ అంచు, మోకాలి ఎత్తు వరకు గోడ, కాళ్లు పెట్టే చోటు, చివరకు బేసిన్. కమోడ్ అయితే సీటు అడుగు భాగము మరువకండి. లైటు స్విచ్చిని మాత్రము నీళ్లు చల్లకుండ పిండిన బట్టతో తుడవాలి. పది నిమిషములు తడిగా ఉండనిచ్చి కడిగివేయాలి. అంతకంటే ముందే కడిగితే మందు వృథా. బ్రష్‌ను ఎండలో ఆరబెట్టాలి.

ఇంట్లో కామెర్లు, టైఫాయిడ్ రోగి ఉంటే గడియ, నల్లా, మగ్గు మాత్రము రోజూ ఇలా తుడవండి. ఈ పని కోడలి ఒక్కదానిదే అని ఏ గ్రంథములోను లేదు. శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువును ఆరాధించే ఇంట్లో అన్నదమ్ములు కూడ బ్రష్ పట్టవచ్చును. పల్లెలో సెప్టిక్ ట్యాంకు ఉన్న బంధువులకు చెప్పేటప్పుడు బ్లీచింగ్ తక్కువ వాడమనండి, ట్యాంకులో మలమును కుళ్లబెట్టే మేలు క్రిములు చస్తాయి.

ఎంత కడిగినా నీరు వెనుకకు తన్నుతుంటే లోపము బయటి డ్రైనేజీ లైనులో ఉన్నది. వీధిలో ఎవరినో పిలిచి డబ్బిచ్చి మ్యాన్‌హోల్‌లోకి దింపకండి. లోపలి వాయువుకు మనుష్యులు నిమిషములలో చనిపోతారు, అలా దింపుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. జలమండలికి ఫిర్యాదు చేయండి. ఇరుకు గల్లీల కొరకే 2017లో వారు చిన్న జెట్టింగ్ యంత్రములను తెచ్చారు.

పొరపాటున వాయువు పుట్టి దగ్గు, కండ్ల మంట మొదలైతే అన్నీ అక్కడే వదిలి బయటికి రండి, సీసా తీయుటకు తిరిగి లోనికి పోకండి. కండ్లను పదిహేను నిమిషములు ధారగా నీటితో కడగండి. ఆయాసము తగ్గినట్లు అనిపించినా ఆసుపత్రికి రండి, ఊపిరితిత్తులలో వాపు కొన్ని గంటల తరువాత రావచ్చును. యాసిడ్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచకండి. పిల్లవాడు తాగితే వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు తాగించకండి, నోరు కడిగి, ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.